ఎడిట్ పేజీ చదవడం ఎలా? పక్షపాతం ఏదో, అభిప్రాయం ఏదో విడదీసే పద్ధతి

ఆదివారాలు విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంటికి గ్రూప్-2కు చదివే పిల్లలు కొందరు వస్తారు. అందరూ కలిసి పేపర్లు చదువుతాం. కొత్తగా వచ్చిన ప్రతివాళ్లూ మొదట అడిగేది ఒక్కటే: "మేడమ్, ఏ పేపర్ ఎడిటోరియల్ చదవాలి? ఏది న్యూట్రల్?"

న్యూట్రల్ పేపర్ కోసం వెతకడం మానేయమని చెబుతాను. సంపాదకీయం ఉన్నదే అభిప్రాయం చెప్పడానికి. ఒక పక్షాన నిలబడటం తప్పు కాదు. ఆ పక్షాన్ని నిలబెట్టడానికి నిజాన్ని వంచినా, దాచినా అది తప్పు. ఈ రెంటికీ తేడా పట్టుకోవడం సాధనతో వస్తుంది. రోజుకు నలభై నిమిషాల చొప్పున పది రోజులు కేటాయించండి.

1. మొదలుపెట్టే ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

మూడు పేపర్లు కావాలి. ఆ మూడూ ఒకే వైపు మొగ్గేవి కాకూడదు. మన దగ్గర ఇది కష్టమేమీ కాదు. సాక్షి ఒకటి, ఈనాడు లేదా ఆంధ్రజ్యోతి ఒకటి, ప్రజాశక్తి లేదా విశాలాంధ్ర ఒకటి తీసుకుంటే సరిపోతుంది. ఇంగ్లిష్ చదవగలిగితే ది హిందూ కూడా కలుపుకోండి.

మూడూ కొనలేకపోతే లైబ్రరీకి వెళ్లండి. విజయవాడలో ఠాగూర్ గ్రంథాలయం ఉంది, గుంటూరులో జిల్లా కేంద్ర గ్రంథాలయం ఉంది. పొద్దున్నే వెళితే పేపర్ కోసం ఎదురుచూసే పని ఉండదు. లైబ్రరీ పేపర్ మీద మాత్రం గీతలు గీయకండి, మీ తర్వాత చదివేవాళ్లకు అది అడ్డం. నోట్‌బుక్‌లో రాసుకోండి.

పది రోజులకూ ఒకే అంశం పెట్టుకోండి. రోజుకో అంశం మారిస్తే పోల్చడానికి ఏమీ మిగలదు. రాజధాని, కరెంటు చార్జీలు, రాష్ట్ర అప్పులు లాంటివి మంచివి. వీటిపై అన్ని పేపర్లూ రాస్తాయి, పాత సంచికల్లోనూ దొరుకుతాయి.

నోట్‌బుక్ మొదటి పేజీలో ఆ అంశంపై మీ అభిప్రాయం మూడు వాక్యాల్లో రాయండి. ఏ పార్టీకి ఓటేశారో కూడా రాయండి. ఎవరికీ చూపించక్కర్లేదు. ఇది వదిలేసినవాళ్లు పదో రోజున "నాకు నచ్చిన పేపర్‌లో పక్షపాతం తక్కువ" అని తేల్చేయడం నేను చాలాసార్లు చూశాను.

చెక్‌లిస్ట్:
- భిన్నమైన మూడు పత్రికలు
- ఒకే అంశం
- నోట్‌బుక్, మూడు రంగుల పెన్నులు
- మొదటి పేజీలో మీ మొగ్గు

2. ఏ గొంతు ఎవరిదో గుర్తించండి

ఎడిట్ పేజీలో ఉన్నదంతా పత్రిక అభిప్రాయం కాదు. పేరు లేకుండా వచ్చే సంపాదకీయం పత్రిక మాట. పేరుతో వచ్చే వ్యాసం ఆ రచయిత మాట. ఆంధ్రజ్యోతిలో ఆదివారం వచ్చే యజమాని వ్యాసం లాంటివి మాత్రం పేరుతో వచ్చినా పత్రిక మాట కిందే లెక్క.

వ్యాసం చివర చిన్న అక్షరాల్లో ఉండే రచయిత పరిచయాన్ని ముందు చదవండి. "రాజకీయ విశ్లేషకులు" అని మాత్రమే ఉంటే ఆయన ఎవరో ఫోన్‌లో వెతకండి. పార్టీ అధికార ప్రతినిధిగా పనిచేసిన వ్యక్తిని కేవలం విశ్లేషకుడిగా పరిచయం చేస్తే, పాఠకుడికి తెలియాల్సిన విషయాన్ని పత్రిక దాచినట్టే.

పాఠకుల లేఖలనూ వదలకండి. పది రోజుల లేఖల్లో పత్రిక వైఖరిని కాదన్నవి ఎన్ని వచ్చాయో లెక్కపెట్టండి. భిన్నాభిప్రాయానికి ఆ పత్రిక ఎంత చోటిస్తుందో ఆ ఒక్క లెక్కతో చాలావరకు తెలుస్తుంది. కార్టూన్‌లో ఏ నాయకుణ్ని ఎప్పుడూ చిన్నగా, వికారంగా వేస్తున్నారో, ఎవరి బొమ్మ అసలు రాదో కూడా రాసుకోండి.

3. యజమాని ఎవరో తెలుసుకోండి, అక్కడే ఆగిపోకండి

పేపర్‌లో ఎక్కడో ఒక చోట ముద్రాపకులు, ప్రచురణకర్త, సంపాదకుల పేర్లున్న చిన్న వాక్యం ఉంటుంది. చట్టం ప్రకారం అది వేసి తీరాలి. అది చూడండి. 2008లో సాక్షిని మొదలుపెట్టింది వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి. విశాలాంధ్ర సీపీఐ పత్రిక, ప్రజాశక్తి సీపీఎం పత్రిక. ఈనాడు, ఆంధ్రజ్యోతి తెలుగుదేశం వైపని వైసీపీ వాళ్లు ఎల్లో మీడియా అంటారు. తెలుగుదేశం వాళ్లు సాక్షిని బ్లూ మీడియా అంటారు.

ఈ మాటలు వాడుతూ పోతే చదవడం ఆగిపోతుంది. మా బావగారు అలాగే చేసేవారు. ఏ వార్త చూపించినా "అది వాళ్ల పేపరేలేవే" అని పక్కన పడేసేవారు. యజమాని ఎవరో తెలిస్తే ఎక్కడ జాగ్రత్తగా చూడాలో తెలుస్తుంది, అంతే. రాసింది అబద్ధమని దాంతో రుజువు కాదు. అధికారంలో ఉన్నవాళ్ల తప్పుల్ని ప్రతిపక్షం వైపు మొగ్గే పత్రికే ముందు బయటపెట్టిన సందర్భాలు బోలెడు. పక్షపాతం ఉన్నవాడి దగ్గర కూడా ఖరీదైన నిజం ఉండొచ్చు.

4. మూడు రంగుల్లో విడదీయండి

అసలు పని ఇదే. ఇక్కడ తొందరపడకండి.

నీలం: సరిచూడగల విషయం. ఎరుపు: అభిప్రాయం, తీర్పు, తిట్టు, పొగడ్త. ఆకుపచ్చ: ఎవరన్నారో, ఎలా తెలిసిందో చెప్పని మాట.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్‌ను ముంచింది. మా అక్కావాళ్ల ఇల్లు అక్కడే. కింద గదుల్లో నడుం దాకా నీళ్లు. కరెంటు లేక, ఫోన్లు చచ్చిపోయి, మేడ మీద రెండు రాత్రులు గడిపారు. ఆ తర్వాత వారం రోజుల పేపర్లన్నీ నేను దాచాను. మన ఇంటికి జరిగినదాన్ని పేపర్లు ఎలా రాస్తాయో చూస్తే చదివే కన్ను మారిపోతుంది. అప్పట్లో వినిపించిన రెండు వాదాలనూ కలిపి, సాధన కోసం రెండు పేరాలు నేనే రాశాను. ఏ పత్రిక నుంచీ తీసుకున్నవి కావు.

మొదటిది: "ఇది ప్రకృతి విపత్తు కాదు, గత పాలకుల పాపం. బుడమేరు మళ్లింపు కాలువకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. ఐదేళ్లపాటు కాలువకు పైసా విదల్చని నిర్వాకానికి నగరం మూల్యం చెల్లించింది. ఎన్నిసార్లు మొత్తుకున్నా వినలేదని అధికార వర్గాలు వాపోతున్నాయి."

రెండోది: "జనం నిద్రలో ఉండగా నీళ్లు వదిలి నట్టేట ముంచారు. ముందుగా ఒక్క మైకు ప్రకటన కూడా లేదు. ఇంతటి నిర్లక్ష్యం చరిత్రలో ఎన్నడూ లేదని ప్రజలు దుమ్మెత్తిపోస్తున్నారు."

ఇప్పుడు విడదీద్దాం. "మూడు చోట్ల గండ్లు పడ్డాయి": నీలం. ఆ గండ్లను సైన్యం సాయంతో పూడ్చారు, రికార్డు ఉంది. "పాపం", "నిర్వాకం", "నట్టేట ముంచారు": ఎరుపు. "అధికార వర్గాలు వాపోతున్నాయి", "ప్రజలు దుమ్మెత్తిపోస్తున్నారు": ఆకుపచ్చ. ఏ అధికారి? ఎవరు ఆ ప్రజలు?

మా పిల్లలు తడబడేది "పైసా విదల్చని" దగ్గర. తిట్టులా వినిపిస్తుంది కాబట్టి ఎరుపు వేస్తారు. కానీ దాని లోపల సరిచూడగల విషయం ఉంది. ఆ ఐదేళ్లలో కాలువకు ఎంత కేటాయించారు, ఎంత ఖర్చు చేశారు? కాబట్టి కింద నీలం, పైన ఎరుపు, రెండు గీతలూ వేయాలి. "ఒక్క మైకు ప్రకటన కూడా లేదు" కూడా అంతే. ఎక్కడో ఒక వార్డులో ప్రకటన చేసి ఉంటే ఆ వాక్యం తప్పవుతుంది, ఎక్కడా చేయకపోతే అది చాలా పెద్ద నిజం. "పైసా", "ఒక్కటి కూడా", "ఎన్నడూ", "అందరూ" లాంటి మాట కనబడగానే ఆగండి.

"ఐదేళ్లు" అన్న మాటనూ చూడండి. లెక్క అక్కడే ఎందుకు మొదలైంది? అంతకు ముందు ఐదేళ్లలో ఏం జరిగింది? లెక్క ఎక్కడ మొదలుపెట్టాలో ఎంచుకోవడంలోనే సగం వాదం ఉంటుంది.

ఇంకొకటి. ఈ రెండు పేరాలూ ఒకదాన్నొకటి కాదనడం లేదు. కాలువను పట్టించుకోకపోవడమూ నిజం కావచ్చు, సమయానికి హెచ్చరించకపోవడమూ నిజం కావచ్చు. ఒకే పేపర్ చదివినవాళ్లకు దోషి ఒక్కడే కనబడతాడు. మేడ మీద కూర్చున్న మా అక్కకు రెండు ప్రశ్నలకూ జవాబు కావాలి.

5. క్రియలు, మర్యాదలు చూడండి

ఒక నాయకుడు మాట్లాడాడు. ఆ వాక్యం చివర ఏ క్రియ వేశారో చూస్తే చాలు.

"అన్నారు", "చెప్పారు": ఏ మొగ్గూ లేనివి. "స్పష్టం చేశారు", "వెల్లడించారు": ఆయన చెప్పింది నిజమేనని పత్రిక ఒప్పుకున్నట్టు. "ఆరోపించారు": రుజువు కాలేదని గుర్తుచేసినట్టు. "ధ్వజమెత్తారు", "నిప్పులు చెరిగారు": మెచ్చుకోలు. అదే ఘాటు మాటను అవతలి నాయకుడు అంటే "నోరు పారేసుకున్నారు", "అక్కసు వెళ్లగక్కారు" అవుతుంది. జవాబిస్తే ఒకరు "తిప్పికొట్టారు", ఇంకొకరు "బుకాయించారు".

నోట్‌బుక్‌లో రెండు నిలువు వరుసలు గీసి, ఇద్దరు నాయకులకు పది రోజులపాటు వాడిన క్రియలన్నీ రాయండి. ఇంతకంటే తేలికైన పరీక్ష, ఇంతకంటే నమ్మకమైన పరీక్ష నాకు తెలియదు.

కర్త లేని వాక్యాలనూ పట్టుకోండి. "లాఠీచార్జి జరిగింది" అంటే కొట్టినవాడు మాయమయ్యాడు. "పోలీసులు రైతులను లాఠీలతో కొట్టారు" అంటే ఇద్దరూ కనబడతారు. తనకు కావలసిన ప్రభుత్వం ఉన్నప్పుడు పత్రిక మొదటి రకం వాక్యాన్ని, కాని ప్రభుత్వం ఉన్నప్పుడు రెండో రకాన్ని రాస్తోందేమో చూడండి.

"తెలుస్తోంది", "సమాచారం", "వినికిడి", "రాజకీయ వర్గాల్లో చర్చ": ఇవి వార్తలో ఉన్నా అనుమానించాల్సినవే. సంపాదకీయంలో వాదానికి పునాదిగా వాడితే ఆ వాదాన్ని పక్కన పెట్టేయవచ్చు.

6. అంకెలను తారుమారు చేసి చూడండి

2019లో అసెంబ్లీలోని 175 సీట్లలో వైసీపీకి 151, తెలుగుదేశానికి 23 వచ్చాయి. 2024లో తెలుగుదేశానికి 135, జనసేనకు 21, బీజేపీకి 8, వైసీపీకి 11 వచ్చాయి.

ఇక ఓట్లు చూడండి. 2019లో ఓడిన తెలుగుదేశానికి 39 శాతం పైచిలుకు ఓట్లు వచ్చాయి. 2024లో ఓడిన వైసీపీకీ 39 శాతం పైచిలుకే.

ఒకే శాతాన్ని ఒకే పత్రిక ఆ రెండుసార్లూ ఎలా చెప్పింది? ఒకసారి "జనం ఛీకొట్టారు" అని సీట్లు చెప్పి, మరోసారి "చెక్కుచెదరని ఆదరణ" అని ఓట్లు చెప్పిందా? లైబ్రరీలో పాత సంచికలు అడిగి రెండు ఫలితాల తర్వాతి వారం సంపాదకీయాలు పక్కపక్కన పెట్టి చదవండి. దీన్ని నేను తారుమారు పరీక్ష అంటాను. పార్టీల పేర్లు మార్చి చదివితే ఆ వాదం ఇంకా నిలబడుతోందా? నిలబడితే అది అభిప్రాయం. పేరు మారగానే కూలిపోతే అది పక్షపాతం.

బడ్జెట్ అంకెల దగ్గర నేనే ఒకసారి మోసపోయాను. ఒక పత్రికలో పేరున్న రచయిత వ్యాసం చూసి, ఒక శాఖకు నిధులు సగానికి పడిపోయాయని పిల్లలకు పాఠంలో చెప్పాను. వారం తర్వాత బడ్జెట్ పుస్తకం తెరిస్తే, ఆ రచయిత ఒక ఏడాది అంచనాను ఇంకో ఏడాది అసలు ఖర్చుతో పోల్చారని తేలింది. అంచనా, సవరించిన అంచనా, అసలు లెక్క వేరువేరు. అంచనాను అంచనాతోనే పోల్చాలి. పిల్లలకు మళ్లీ చెప్పి దిద్దుకున్నాను. పత్రికకు లేఖ రాశాను, జవాబు రాలేదు.

అంకె కనబడినప్పుడు అడగాల్సినవి:
- ఏ ఏడాది నుంచి ఏ ఏడాదికి?
- అంచనానా, అసలు ఖర్చా?
- మొత్తమా, శాతమా, తలసరా?
- పక్కన పోల్చడానికి ఇంకో అంకె ఇచ్చారా?

7. రాయనిదాన్ని రాసుకోండి

కొత్తవాళ్లకు ఇది తట్టదు. పక్షపాతం ఎక్కువగా ఉండేది మౌనంలోనే. ఒక పట్టిక గీయండి. నిలువుగా తేదీలు, అడ్డంగా మూడు పత్రికలు. ఆ రోజు సంపాదకీయం దేని మీదో ఒక్క మాటలో రాయండి. రాష్ట్రమంతా కోర్టు తీర్పు గురించి మాట్లాడుకుంటున్న రోజున ఒక పత్రిక సంపాదకీయం విదేశీ ఎన్నికల మీద వచ్చిందనుకోండి, ఆ గడిలో చుక్క పెట్టండి.

ఒక్క చుక్కతో ఏమీ తేల్చకండి. సంపాదకీయం ముందు రోజే రాసేసి ఉండొచ్చు. రెండు మూడు రోజులు ఆగి, అప్పటికీ రాకపోతేనే లెక్కలోకి తీసుకోండి.

8. మీకు గిట్టని వాదాన్ని మీరే బాగా రాయండి

ఆరో రోజు తర్వాత ఈ పని చేయండి. మీరు ఒప్పుకోని సంపాదకీయం ఒకటి తీసుకోండి. దానిలోని తిట్లు, ఆకుపచ్చ వాక్యాలు తీసేసి, మిగిలిన వాదాన్ని ఐదు వాక్యాల్లో రాయండి. ఆ పక్షం వాళ్లు చదివి "అవును, మేమనేది ఇదే" అనాలి.

రాజధాని మీద మా దగ్గర ఈ పని చేయించాను. అమరావతే ఉండాలనే తుళ్లూరు వైపు అమ్మాయి మూడు రాజధానుల వాదం రాసింది: ఒక్క నగరంలోనే అంతా పెడితే వెనకబడిన ప్రాంతాలకు ఏం మిగులుతుందని. కర్నూలు నుంచి వచ్చిన అబ్బాయి అమరావతి వాదం రాశాడు: ప్రభుత్వం మాట నమ్మి 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చిన రైతులకు, ప్రభుత్వం మారితే ఆ మాట చెల్లదంటే ఎలా అని. రాయడానికి ఇద్దరికీ గంట పట్టింది. ఇద్దరి అభిప్రాయమూ మారలేదు. కానీ ఆ రోజు మా ఇంట్లో మొదటిసారి గొంతులు పెరగకుండా రాజధాని గురించి మాట్లాడుకున్నాం.

9. ఆధారం దాకా వెళ్లండి

నీలం గీసిన వాక్యాల్లో వాదానికి ఆయువుపట్టు లాంటివి రెండు ఎంచుకోండి. అన్నీ సరిచూడాలనుకుంటే మూడో రోజే విసుగొచ్చి మానేస్తారు.

ఖర్చుల గురించైతే బడ్జెట్ పత్రాలు, కాగ్ (ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే సంస్థ) నివేదికలు చూడండి. కోర్టు గురించైతే తీర్పు కాపీలో చివరి పేజీలు చదవండి, పేపర్ శీర్షికకు, అసలు ఆదేశానికి చాలా తేడా ఉంటుంది. పథకం గురించైతే జీవో, అంటే ప్రభుత్వ ఉత్తర్వు, చూడండి. ఎక్కడా దొరకకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి.

10. తరచూ జరిగే పొరపాట్లు, వాటి దిద్దుబాటు

*ఒక్క సంపాదకీయం చూసి ముద్ర వేయడం.* పది రోజుల పట్టిక పూర్తయ్యాకే మాట్లాడండి.

*ఘాటుగా రాస్తే పక్షపాతమనుకోవడం.* ఘాటు శైలి మాత్రమే. మెత్తగా, మర్యాదగా రాస్తూ అసలు విషయం దాచేసే వ్యాసం ఎక్కువ ప్రమాదం.

*రెండు పేపర్లు చదివి నిజం మధ్యలో ఉంటుందనుకోవడం.* నిజం మధ్యలోనే ఉండాలని లేదు. ఒక్కోసారి ఒక పేపరే పూర్తిగా రైటు. అది తేల్చాల్సింది తొమ్మిదో మెట్టు దగ్గర.

*వాట్సాప్‌లో వచ్చిన క్లిప్పింగ్ నమ్మడం.* పత్రిక పేరు, అక్షరాలు అచ్చం అలాగే పెట్టి నకిలీవి తయారు చేస్తున్నారు. ఆ తేదీ ఈ-పేపర్ తెరిచి ఆ పేజీ చూశాకే చదవండి.

*మన వైపు పేపర్‌కు మినహాయింపు ఇవ్వడం.* నోట్‌బుక్ మొదటి పేజీకి వెళ్లి మీరు రాసుకున్న మూడు వాక్యాలు మళ్లీ చదవండి. ఎరుపు గీతలు ఏ పేపర్‌లో తక్కువ వేశారో చూడండి. ఆ పేపర్‌నే ఇంకో రోజు మళ్లీ గీయండి.

11. తప్పు దొరికితే ఏం చేయాలి

ముందు సంపాదకులకు లేఖ రాయండి. 150 మాటలు దాటకండి. తేదీ, పేజీ, ఏ వాక్యం, అందులో తప్పేమిటి, సరైన విషయం ఎక్కడుంది: ఇంతే. "మీ పత్రిక ఎప్పుడూ ఇంతే" అని రాశారో, ఆ లేఖ అచ్చుకు వెళ్లదు. ఒక వాక్యం, ఒక తప్పు, ఒక ఆధారం.

దిద్దకపోతే, విషయం తీవ్రమైనదైతే ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు ఫిర్యాదు చేయవచ్చు. దినపత్రిక అయితే అచ్చయిన రెండు నెలల్లోపు పంపాలి. ముందు సంపాదకులకు రాసి ఉండాలి కాబట్టి ఆ లేఖ కాపీ, వచ్చిన జవాబు ఏదైనా ఉంటే అది, అసలు క్లిప్పింగ్ జతచేయాలి. తెలుగు క్లిప్పింగ్‌కు ఇంగ్లిష్ లేదా హిందీ అనువాదం కూడా పెట్టండి. కౌన్సిల్ హెచ్చరించగలదు, మందలించగలదు, అభిశంసించగలదు. జరిమానా వేయలేదు. ఇంకో మాట, సంపాదకీయం మీకు నచ్చలేదని ఫిర్యాదు చేస్తే నిలబడదు. వాళ్ల అభిప్రాయం వాళ్లది. తప్పు విషయం రాశారని చూపగలిగితేనే పంపండి.

పదో రోజున నోట్‌బుక్ మూసేయకండి. ఇంకో అంశం తీసుకుని మళ్లీ మొదటి పేజీలో మూడు వాక్యాలు రాయండి. మా బావగారు ఇప్పుడు మూడో నోట్‌బుక్‌లో ఉన్నారు. పొద్దున్నే రెండు పేపర్లు తెప్పించుకుంటున్నారు. మొన్న ఫోన్ చేసి, "వాళ్ల పేపర్‌లో కాలువ పనుల అంకె ఒకటి వేశారే, సరిగ్గానే ఉంది, జీవో చూశాను" అన్నారు.